బంగారు పికాక్స్ ఎందుకు త్వరగా విరుగుతుంది?



ఈ విద్యా సంవత్సరం పేరెంట్ టీచర్ మీటింగుల్లో మార్కుల తర్వాత నేను ఎక్కువసార్లు విన్న మాట ఒకటుంది. "మేడం, మావోడు ఫోన్ల ఇటుకలు పేర్చుకుంట కూసుంటడు. అన్నం తినమన్నా లేవడు. గీ ఆట మాన్పించేదెట్ల?" ఆరు, ఏడు తరగతుల పిల్లల అమ్మానాన్నలు చాలామంది ఇదే అడుగుతున్నారు. ఆ ఇటుకల ఆట పేరు మైన్‌క్రాఫ్ట్. మాన్పించాలా, ఆడనివ్వాలా అని తేల్చుకునే ముందు, అందులో పిల్లలు అసలు ఏం చేస్తున్నారో తెలియాలి కదా! అందుకే దసరా సెలవుల్లో మా తమ్ముడి దగ్గర నేర్చుకొని నేనూ ఆడి చూశాను. ఆ ఆట గురించి, ముఖ్యంగా దానిలో ఉన్న బ్యాలెన్స్ గురించి, మీతో నాలుగు మాటలు పంచుకోవాలనిపించింది.

ముందుగా ఒక అనుమానం తీర్చుకుందాం. ఇది బెట్టింగ్ యాప్ కాదు. డబ్బు పందెం పెట్టే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా దేశమంతటికీ వర్తించేలా చట్టం చేసింది. మైన్‌క్రాఫ్ట్ ఆ కోవలోకి రాదు. స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో మొజాంగ్ అనే చిన్న కంపెనీ దీన్ని తయారుచేసి, 2011 నవంబరులో పూర్తిస్థాయిలో విడుదల చేసింది. 2014లో మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీని 250 కోట్ల డాలర్లకు కొన్నది. 2023 నాటికి ఈ ఆట 30 కోట్లకు పైగా కాపీలు అమ్ముడుపోయింది. కాబట్టి మన ఇంట్లో పిల్లవాడు ఒక్కడే దీనికి అతుక్కుపోయాడని దిగులు పడనవసరం లేదు.

ఆట ఎలా ఉంటుందో చెప్తాను. సర్వైవల్ అనే పద్ధతిలో మొదలుపెడితే, పిల్లవాడు ఒట్టి చేతులతో ఒక అడవి పక్కనో, మైదానంలోనో నిలబడి ఉంటాడు. స్క్రీన్ కింద ప్రాణానికి పది హృదయాలు, ఆకలికి పది మాంసం ముక్కల బొమ్మలు కనిపిస్తాయి. పరుగెత్తినా, తవ్వినా, కొట్లాడినా ఆకలి పెరుగుతుంది. ఆటలో ఒక రోజు అంటే మన గడియారంలో 20 నిమిషాలు. అందులో దాదాపు పది నిమిషాలకే పొద్దుగూకుతుంది. చీకటి పడితే దయ్యాల్లాంటివి బయటికి వస్తాయి. ఆ పది నిమిషాల్లో ఏం పోగుచేయాలి, ఏం చేసుకోవాలి, ఎక్కడ తలదాచుకోవాలి? మొత్తం ఆటకు ఇదే మొదటి పరీక్ష.

మా ఏడో తరగతిలో ఒక అమ్మాయి రఫ్ నోట్‌బుక్ వెనక పేజీలో ఒక లెక్క వేసుకుంది. హోంవర్క్ దిద్దుతుంటే నా కంటబడింది. ఒక దుంగ కోస్తే 4 పలకలు వస్తాయి. మూడు దుంగలైతే 12. పనిబల్లకు 4 పలకలు. చెక్క పికాక్స్‌కు, అంటే రాయి తవ్వే పలుగులాంటి దానికి, 3 పలకలు, 2 కర్రలు. రెండు పలకలు చీలిస్తే 4 కర్రలు వస్తాయి కాబట్టి ఇంకా 2 కర్రలు మిగులుతాయి. వాటికి 3 రాళ్ళు కలిపితే రాతి పికాక్స్ తయారు. మిగిలిన 3 పలకలకు 3 ఉన్ని ముక్కలు దొరికితే మంచం. నాలుగు, మూడు, రెండు, మూడు కలిపితే సరిగ్గా 12. ఒక్క పలక కూడా వృథా కాలేదు! కింద గీత గీసి "త్రీ లాగ్స్ ఓన్లీ" అని రాసుకుంది. ఈ లెక్క ఆమెకు ఎవరూ హోంవర్క్‌గా ఇవ్వలేదు. చెట్టు నరకడానికి పట్టే ప్రతి క్షణం పగటి వెలుగులోంచి పోతుందని ఆమెకు తెలుసు, అందుకే వేసుకుంది.

ఇక పనిముట్ల సంగతి. ఈ ఆటలో ప్రతి పనిముట్టూ అరిగిపోతుంది. చెక్క పికాక్స్ 59 దెబ్బలకు విరుగుతుంది. రాతిది 131 దెబ్బలకు, ఇనుపది 250కి. వజ్రంతో చేసినదైతే 1561 దెబ్బల దాకా ఆగుతుంది. మరి బంగారంతో చేస్తే? కేవలం 32 దెబ్బలు. వేగంగా తవ్వడంలో దాన్ని మించింది లేదు, మెరుపూ దానిదే. కానీ త్వరగా విరిగిపోతుంది, పైగా దానితో ఇనుప రాయిని కొడితే చేతికి ఏమీ రాదు. మా క్లాసులో ఈ విషయం చెప్పింది ఆరో తరగతి పిల్లవాడు. "బంగారం ఉత్త షోకుకే మేడం" అన్నాడు. తయారుచేసినవాళ్ళు కావాలనే అలా పెట్టారు. ఒకే వస్తువు అన్నింట్లోనూ గెలిస్తే మిగతావాటిని ఎవరూ ముట్టుకోరు. వేగం కావాలంటే మన్నిక వదులుకోవాలి. మన్నిక కావాలంటే ఓపికగా లోతుకు తవ్వాలి. ఆటల భాషలో దీన్నే బ్యాలెన్స్ అంటారు. దేన్ని తీసుకున్నా ఇంకోదాన్ని వదులుకోవాల్సి వస్తుంది కాబట్టి, ఆడేవాడు ఆలోచించక తప్పదు.

మెట్లు దాటేయడానికి కూడా వీల్లేదు. రాతి పికాక్స్‌తో వజ్రం ఉన్న రాయిని కొడితే రాయి పగులుతుంది, వజ్రం మాత్రం దక్కదు. ముందు ఇనుము కావాలి. ఇనుముకు కొలిమి కావాలి. కొలిమికి 8 రాళ్ళు, మంటకు బొగ్గు కావాలి. ఒక బొగ్గు ముక్కతో 8 వస్తువులు కరిగించవచ్చు. కాబట్టి ఒక్క ముడి ఇనుము కోసం కొలిమి వెలిగిస్తే మిగతా వేడి దండగ.

గోదావరిఖని నుంచి వచ్చే ఒక నాన్నగారు సింగరేణి అండర్‌గ్రౌండ్ గనిలో పనిచేస్తారు. వాళ్ళబ్బాయి ఆటలో గుహలోకి దిగేటప్పుడు దీపాలన్నీ ఎడమ చేతి వైపే పెట్టుకుంటూ పోతాడు. తిరిగి వచ్చేటప్పుడు దీపాలు కుడి వైపు కనిపిస్తే దారి తప్పలేదని గుర్తు. ఆ సంగతి చెప్తే ఆయన నవ్వారు. "కిందికి దిగేటోడు పైకొచ్చే తొవ్వ ముందుగాల చూసుకోవాలె మేడం. మా దగ్గర ఫస్ట్ నేర్పేది గదే" అన్నారు. తండ్రి చేసే పని ఎలాంటిదో ఆ పిల్లవాడికి ఈ ఆట వల్ల కొంచెం అర్థమైంది. ఆ రోజు సాయంత్రం వాళ్ళిద్దరూ గనుల గురించి గంటసేపు మాట్లాడుకున్నారట.

ఇలాంటి ప్రశ్నలు క్లాసులోకీ వస్తున్నాయి. "మేడం, నిజంగా రాయిల నుంచి ఇనుము తీస్తరా?" అని ఒకరు అడిగారు. తీస్తారు, మన ఉత్తర తెలంగాణలోనే తీశారు. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసల్లో కరిగించి చేసిన ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా నుంచి వర్తకులు వచ్చేవారు. ఆటలో పది సెకన్లలో కరిగే ఇనుముకు, నిజమైన కొలిమి దగ్గర తిత్తులు ఊదుతూ గంటల తరబడి కూర్చోవాల్సి వచ్చేదని చెప్తే పిల్లలు నోరు తెరిచారు.

గొర్రెల విషయం ఇంకా బాగుంటుంది. మంచానికి మూడు ఉన్ని ముక్కలు కావాలన్నాను కదా! గొర్రెను చంపితే ఒకటే ఉన్ని ముక్క, కొంచెం మాంసం దొరుకుతాయి. రెండు ఇనుప కడ్డీలతో కత్తెర చేసుకొని ఉన్ని కత్తిరిస్తే ఒకటి నుంచి మూడు ముక్కల దాకా వస్తాయి. గొర్రె బతికే ఉంటుంది, గడ్డి మేసి మళ్ళీ ఉన్ని పెంచుకుంటుంది. కానీ మొదటి రోజు చేతిలో ఇనుము ఉండదు. అందుకే తెలివిగా ఆడే పిల్లలు మొదటి రాత్రి గడవడానికి ఎన్ని కావాలో అన్నే తీసుకొని, మిగతా వాటిని తరువాత కంచెలోకి తోలుకొస్తారు. గోధుమలు పెట్టి పెంచుతారు. మూడు గోధుమలతో ఇప్పుడే రొట్టె చేసుకొని తినాలా, రెండు గోధుమలు రెండు గొర్రెలకు పెట్టి పిల్ల పుట్టేదాకా ఆగాలా అని లెక్క వేస్తారు. మన ఊళ్ళలో కురుమలు తరతరాలుగా ఇదే లెక్కతో మందలు కాచారు. గొర్రెను మేపి, ఉన్ని కత్తిరించి గొంగడి నేశారు. మా పిల్లల్లో కొందరి తాతల ఇళ్ళలో ఆ గొంగళ్ళు ఇంకా ఉన్నాయి.

చెట్ల లెక్కా అంతే. ఆటలో చెట్టు నరికితే ఆకుల్లోంచి మొక్కలు రాలుతాయి. వాటిని తిరిగి నాటుకుంటే పెరుగుతాయి, నాటకపోతే ఇంటి చుట్టూ మోడే. నిర్మల్ బొమ్మల కళాకారుల కష్టం ఇదే కదా! తేలికగా ఉండే పొనికి కర్ర లేకపోతే ఆ బొమ్మ లేదు. అడవిలో పొనికి చెట్లు తగ్గిపోయి, కర్ర కోసం వెతుక్కోవాల్సిన పరిస్థితి వచ్చింది. బొమ్మ చెక్కడానికి కొన్ని రోజులు చాలు, చెట్టు ఎదగడానికి ఏళ్ళు పడుతుంది. ఈ తేడా పాఠంలో చదివితే పిల్లలకు ఎంత గుర్తుంటుందో తెలియదు కానీ, ఆటలో ఒకసారి కట్టె అయిపోయి చీకట్లో నిలబడినవాడు మర్చిపోడు.

ఇంతవరకూ చెప్పింది ఆటను తయారుచేసినవాళ్ళు పెట్టిన బ్యాలెన్స్. ఆడేవాళ్ళ మధ్య ఉండాల్సిన బ్యాలెన్స్ ఇంకొకటుంది. దాని వల్ల మా క్లాసులో ఒక చిక్కు వచ్చిపడింది.

ముగ్గురు స్నేహితులు. పేర్లు చెప్పను. ముగ్గురూ కలిసి ఒకే ప్రపంచం తెరుచుకొని ఆడతారు. ఒకరింట్లో వైఫై ఉంది, రోజూ ఆడతాడు. రెండోవాడికి శని, ఆదివారాలే అనుమతి. మూడోవాడు ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉంటాడు. ఇంటికి వెళ్ళినప్పుడే ఆట. దీపావళి సెలవుల్లో అతను ఎంతో ఆశగా ఆట తెరిచేసరికి అక్కడ కోట కట్టి ఉంది, పొలం పండి ఉంది, పెట్టెలన్నీ నిండి ఉన్నాయి. మొదటివాడు పెద్ద మనసుతో ఇతని కోసం వజ్రాల కవచం చేసి ఉంచాడు. తల నుంచి కాళ్ళ దాకా పూర్తి కవచానికి 24 వజ్రాలు పడతాయి. అన్నీ తనే తవ్వి తెచ్చాడు. హాస్టల్ పిల్లవాడు ఆ కవచం వేసుకొని కాసేపు అటూ ఇటూ తిరిగి ఫోన్ పక్కన పెట్టేశాడు. స్కూలు తెరిచాక బెంచి కూడా మారాడు.

ఇద్దరినీ విడివిడిగా అడిగాను. మొదటివాడి కళ్ళలో నీళ్ళు. "నేను కష్టపడి తెచ్చి ఇచ్చిన మేడం. ఇంకేం గావాలె వానికి?" రెండోవాడు కాసేపు మాట్లాడలేదు. తరువాత ఒకే మాట అన్నాడు. "అన్నీ వాడే చేసిండు. ఇంక నేను చేసేదేముంది మేడం?"

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఇక్కడ దొంగతనం లేదు, మోసం లేదు, గొడవ కూడా లేదు. ఉన్నదంతా ప్రేమే. కానీ ఆ ప్రేమ వల్ల అతని వంతు ఆట మాయమైంది. అతనికి వజ్రాలు దొరికాయి, వజ్రాల దాకా నడిచే దారి దొరకలేదు.

ఇంగ్లీష్ పీరియడ్‌లో అప్పుడు మస్ట్, షుడ్, మే పాఠం నడుస్తోంది. ముగ్గురినీ ఒక గ్రూపుగా కూర్చోబెట్టి, మీ ఆటకు నియమాలు మీరే రాసి తీసుకురండి అన్నాను. మొదట మొహాలు మాడ్చుకున్నారు. రెండో రోజుకు వాదించుకోవడం మొదలుపెట్టారు, మూడో రోజుకు కాగితం తెచ్చారు. కొత్త ప్రపంచం తెరవాలి. ఇనుము దాకా ఎవరైనా ఎప్పుడైనా తవ్వుకోవచ్చు, వజ్రాల లోతుకు మాత్రం ముగ్గురూ ఉన్నప్పుడే దిగాలి. పెట్టెలోంచి తీసుకున్నవాడు ఏం తీశాడో రాసి పెట్టాలి. ఈ మూడింటి కంటే నాలుగో నియమం నాకు బాగా నచ్చింది. ఇల్లు ఎలా ఉండాలో హాస్టల్ పిల్లవాడు గ్రాఫ్ పేపర్ మీద గీసి ఇవ్వాలి, మిగతా ఇద్దరూ ఆ గీసినట్టే కట్టాలి. ఫోన్ లేని రోజుల్లోనూ అతనికి ఆటలో పని ఉంది! ఇప్పుడు వారానికో కాగితం వస్తోంది. ఎన్ని పలకలు, ఎన్ని రాళ్ళు, ఎన్ని కిటికీలు, అన్నీ పక్కన అంకెలతో ఉంటాయి. మళ్ళీ ఒకే బెంచి మీద కూర్చుంటున్నారు.

తల్లిదండ్రులుగా మీరూ, టీచర్లుగా మేమూ ఆలోచించాల్సింది ఇక్కడే ఉందనిపిస్తుంది. సైన్స్ ఎగ్జిబిషన్ వస్తోందంటే స్టేషనరీ షాపులో రెడీమేడ్ మోడల్ కొని పంపిస్తున్నాం. చార్టు మీద అక్షరాలు అక్క రాస్తుంది, బొమ్మ నాన్న వేస్తాడు. పిల్లవాడికి కష్టం కలగకూడదనే మన ఆశ. కానీ అది కూడా 24 వజ్రాల కవచమే. చేతికి వస్తుంది, కాసేపు మెరుస్తుంది, తరువాత "నేను చేసేదేముంది?" అనే మాటే మిగులుతుంది.

రెండో వైపు కూడా చూడాలి. ఈ ఆటలో కష్టానికి మెట్లున్నాయి. పీస్‌ఫుల్‌లో ఆకలే వేయదు, శత్రువులు రారు. ఈజీలో ఆకలితో సగం ప్రాణం దాకా పోతుంది. నార్మల్‌లో అర హృదయం మిగులుతుంది. హార్డ్‌లో ఆకలితో చనిపోవచ్చు. మన పిల్లల్లో కొందరి రోజు తెల్లవారకముందే స్టడీ అవర్‌తో మొదలై, స్కూలు, ట్యూషన్, ఒలింపియాడ్ క్లాసుతో రాత్రి దాకా సాగుతుంది. అది హార్డ్ మోడ్. ఎవరికి ఏ మెట్టు సరిపోతుందో చూడకుండా అందరినీ దానిలో పెడితే, కొందరు ఆట వదిలేస్తారు. ఇంకో విషయం. మూడు రోజులు నిద్రపోకుండా ఆడితే ఆకాశంలోంచి ఫాంటమ్‌లు వచ్చి మీద పడతాయి. నిద్ర తప్పనిసరి అని ఆ ఆట కూడా ఒప్పుకుంది. మనమూ ఒప్పుకోవాలి.

మరి ఇంట్లో ఏం చేయాలి? నాకు పనికొచ్చాయనిపించినవి కొన్ని చెప్తాను.

సమయాన్ని ఆట కొలతలోనే మాట్లాడుకోండి. "గంట" అనే బదులు "మూడు రోజులు" అనండి. ఒక రోజుకు 20 నిమిషాలు కాబట్టి మూడు రోజులంటే గంట మించదు. మంచంలో పడుకొని రాత్రి దాటిస్తే ఇంకా ముందే అయిపోతుంది. తెల్లవారగానే ఆపాలి అని ఒప్పందం చేసుకుంటే ఆపడం పిల్లలకు తేలిక. గుహ మధ్యలో ఉన్నప్పుడు ఫోన్ లాక్కుంటే ఏడుపే మిగులుతుంది. ఒక్కరే ఆడే ప్రపంచమైతే బయటికి వచ్చినా ఆట సేవ్ అవుతుంది. స్నేహితులతో కలిసి ఆడేటప్పుడు చనిపోతే చేతిలోని సామానంతా కింద పడిపోతుంది, ఐదు నిమిషాల్లో తీసుకోకపోతే మాయమవుతుంది. "ఒక్క ఐదు నిమిషాలు అమ్మా" అని పిల్లవాడు బతిమాలితే అది ప్రతిసారీ సాకు కాకపోవచ్చు. అడిగి తెలుసుకోండి.

ఎవరితో ఆడుతున్నారో చూడండి. తెలియనివాళ్ళ సర్వర్లలోకి, చాట్‌లోకి మీకు చెప్పకుండా వెళ్ళకూడదన్నది ఖాయం చేయండి. ఆటలో డ్రెస్సులు, మ్యాపులు డబ్బుకు అమ్ముతారు. మీ ఫోన్‌లో యూపీఐ, కార్డు వివరాలు పిల్లల చేతికి అందకుండా ఉంచండి. అమెరికాలో ఈ ఆటకు పదేళ్ళు, ఆ పైబడిన వాళ్ళకని రేటింగ్ ఇచ్చారు. చిన్నవాళ్ళయితే పక్కన కూర్చోండి.

హోంవర్క్, భోజనం, నిద్ర, బయట ఆట, ఈ నాలుగూ అయ్యాకే ఫోన్. దీంట్లో బేరం వద్దు. మానేరు డ్యామ్ కట్ట మీద సాయంత్రం సైకిల్ తొక్కే గంటను ఏ ఆటా పూడ్చలేదు.

అన్నిటికంటే ముఖ్యంగా, ఎన్ని గంటలు ఆడావు అనే ప్రశ్నతో పాటు ఇంకో ప్రశ్న అడగండి. "ఇయ్యాల పొద్దుగూకేలోపు నీ దగ్గర ఏమేం ఉండాలె? ముందుగాల ఏది చేస్తవు?" పిల్లలు చెప్పడం మొదలుపెడితే ఆపరు. మధ్యలో అర్థం కాకపోతే అడగండి, మీకు నేర్పడం వాళ్ళకు ఇష్టం. దుంగలు, పలకలు, బొగ్గు, గొర్రెలు అన్నీ లెక్కలోకి వస్తాయి. వాళ్ళ ప్లాన్‌లో తప్పు మీకు కనిపించినా వెంటనే సరిదిద్దకండి. ఆ రాత్రి ఎలాగూ వస్తుంది, మిగతాది అదే నేర్పుతుంది. మరుసటి పొద్దున "రాత్రి ఏమైంది?" అని మీరు అడిగితే చాలు.